ఊపిరి పీల్చుకోమన్నారు సరే... రోస్టర్ సంగతేంటి?

'బుధవారం సాయంత్రం 4 గంటలకు మైండ్‌ఫుల్‌నెస్ సెషన్. హాజరు తప్పనిసరి.'

ఐటీలో ఉన్నవాళ్లకి ఇలాంటి మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. 'తప్పనిసరి' అన్న మాట బోల్డ్‌లో ఉంటుంది. ఆ రాత్రే రిలీజ్ కూడా ఉంటుంది. కెమెరా ఆన్ చేయాలి, కళ్లు మాత్రం మూసుకోవాలి. 'మీ ఆలోచనలు మేఘాల్లా వెళ్లిపోతున్నాయి' అని ట్రైనర్ మెల్లగా చెబుతుంటే, పక్కన టీమ్స్ టింగు టింగుమంటూనే ఉంటుంది. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫామ్ వస్తుంది. ఇప్పుడు మీరెంత ప్రశాంతంగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదులో చెప్పండి అంటారు. అందరం కళ్లు మూసుకుని ఐదే కొడతాం. నాలుగు కొడితే ఇంకో సెషన్ పెడతారేమోనని భయం.

మీమ్ చేసుకోవడానికి బాగానే ఉంది. కానీ నేను మైండ్‌ఫుల్‌నెస్‌ని కొట్టిపారేసే బ్యాచ్ కాదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి, కాల్‌లో ముప్పై మంది 'ఎనీ అప్‌డేట్?' అంటుంటే, నాలుగు సెకన్లు కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఊపిరి పీల్చుకోవడం ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. నా తకరారు వేరే ఉంది. అది చెప్పే ముందు ఈ సంగతి మన ఆఫీసుల్లోకి ఎలా వచ్చిందో కొంచెం చూద్దాం. ఇందులో ఇంజినీర్ల చెయ్యే ఎక్కువ.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏదో కాలిఫోర్నియా సరుకు అనుకుంటాం గానీ, మూలం పాళీ భాషలోని 'సతి'. సంస్కృతంలో స్మృతి. దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లిష్ చేసింది రైస్ డేవిడ్స్ అనే పండితుడు, 1881లో. మనకైతే అంతకంటే చక్కటి మాట ఎప్పటి నుంచో ఉంది: ఎరుక. 'ఒంటి మీద ఎరుక లేకుండా పని చేస్తున్నాడు' అని మా అమ్మమ్మ తిట్టేది. కోపం వస్తున్నప్పుడు కోపం వస్తోందని తెలియడం, అలసిపోయినప్పుడు అలసిపోయానని తెలియడం. అంతకు మించి ఇందులో బ్రహ్మ విద్యేం లేదు.

దీన్ని గుళ్ల నుంచి, ఆరామాల నుంచి బయటకు తెచ్చి ఆసుపత్రిలో పెట్టింది జాన్ కబాట్-జిన్. ఎంఐటీలో మాలిక్యులర్ బయాలజీ చదివిన ఆయన 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో కోర్సు మొదలుపెట్టాడు. తగ్గని నొప్పులతో బాధపడే పేషెంట్లు అక్కడికి వచ్చేవాళ్లు. మతం మాట ఎత్తకుండా ఎనిమిది వారాల పాటు నేర్పేవాడు. ఆ ఎనిమిది వారాలే తర్వాత ప్రపంచమంతా తిరిగాయి.

ఆఫీసులోకి తెచ్చిన వాళ్లలో పెద్ద పేరు చాడే-మెంగ్ టాన్. సింగపూర్ నుంచి వెళ్లి గూగుల్‌లో తొలి రోజుల్లోనే ఇంజినీర్‌గా చేరినవాడు. 2007లో తోటి ఉద్యోగుల కోసం 'సెర్చ్ ఇన్‌సైడ్ యువర్‌సెల్ఫ్' అనే కోర్సు మొదలుపెట్టాడు. గూగుల్ మనిషి పెట్టే పేరులాగే ఉంది కదా! 2012లో అదే పేరుతో పుస్తకం వచ్చింది, ఒక లాభాపేక్ష లేని సంస్థ కూడా వచ్చింది. కోర్సులో నాకు నచ్చినవి రెండున్నాయి. మొదటిది, ఎవరైనా మనల్ని రెచ్చగొట్టినప్పుడు చేయాల్సిన ఐదు పనులు: ఆగు, ఊపిరి తీసుకో, ఒంట్లో ఏం జరుగుతోందో గమనించు, ఎందుకిలా అనిపిస్తోందో ఆలోచించు, అప్పుడు బదులివ్వు. ఇంగ్లిష్‌లో వీటి మొదటి అక్షరాలు గుర్తుండాలని 'సైబీరియన్ నార్త్ రైల్‌రోడ్' అని పేరు పెట్టారు. ఎస్కలేషన్ మెయిల్‌కి 'రిప్లై ఆల్' కొట్టబోయేటప్పుడు ఆ రైలు ఎక్కితే సగం గొడవలు పుట్టవు.

రెండోది 'నాలాగే'. ఎదుటి మనిషిని తలుచుకుని, ఈయనకీ నాలాగే ఒళ్లుంది, మనసుంది, నాలాగే ఈయన కూడా బాధపడి ఉంటాడు, నాలాగే సుఖంగా ఉండాలనుకుంటాడు అని మనసులో అనుకోవడం. నేను దీన్ని మా పాత మేనేజర్ మీద ప్రయోగించి చూశాను. నాలాగే ఈయనకీ ఈఎంఐ ఉంది. నాలాగే ఈయనకీ రాత్రి పదకొండింటికి క్లయింట్ ఫోన్ వస్తుంది. నాలాగే ఈయన కూడా పాప స్కూల్ ఫంక్షన్‌కి వెళ్లలేకపోయాడు... పాప సంగతి నాకు లేదనుకోండి, కానీ లైన్ అర్థమైంది కదా. నిజంగానే ఆ మనిషి మీద నా చిరాకు కొంత తగ్గింది.

అయితే ఒక సంగతి గమనించాను. ఈ కరుణ అంతా కింద నుంచి పైకే వెళ్తోంది. మేనేజర్ ఒత్తిడి మేం అర్థం చేసుకోవాలి, క్లయింట్ డెడ్‌లైన్ మేం అర్థం చేసుకోవాలి. పై నుంచి కిందకి రావాల్సి వచ్చేసరికి దారిలో ఎక్కడో ఆగిపోతోంది, శాంక్షనై కూడా రిలీజ్ కాని ఫండ్స్‌లాగా.

46 వేల మంది ఏమన్నారు?

శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే రొనాల్డ్ పర్సర్ 2019లో ఒక పుస్తకం రాశాడు. పేరు 'మెక్‌మైండ్‌ఫుల్‌నెస్'. బర్గర్‌లాగా ప్యాక్ చేసి అమ్మే ప్రశాంతత అన్నమాట. క్లుప్తంగా ఆయన వాదన ఇదీ: ఒత్తిడి పుట్టేది పని పద్ధతిలో, మందు వేసేది మాత్రం ఉద్యోగి తలకి. స్ట్రెస్ నీ లోపలే ఉంది, నువ్వే సర్దుకో అని చెప్పడం కంపెనీకి బాగా చవక.

ఆయన బౌద్ధం బాగా తెలిసిన మనిషి కాబట్టి ఆయనకి కోపం ఉండటంలో వింత లేదు. లెక్కలు కావాలనుకునేవాళ్లకి ఇంకోటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లోని 233 సంస్థల్లో పనిచేసే 46,336 మంది సర్వే సమాధానాలు తీసుకుని చూశాడు. 2024లో ఆ పేపర్ వచ్చింది. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, రెజిలియెన్స్ ట్రైనింగులు, నిద్రకీ ఆరోగ్యానికీ ఇచ్చే యాప్‌లు... వీటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే బాగున్నట్టు కనిపించలేదు. కాస్త తేడా కనిపించింది ఒక్క చోటే. సేవా కార్యక్రమాలకి, వాలంటీరింగ్‌కి వెళ్లే అవకాశం దొరికినవాళ్ల దగ్గర.

ఇది ఒకేసారి చేసిన సర్వే. ముందూ తర్వాతా పోల్చి చూసింది కాదు. అసలే బాగా అలసిపోయినవాళ్లే ఆ క్లాసుల్లో చేరి ఉండొచ్చు కదా అని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. మైండ్‌ఫుల్‌నెస్ దండగ అని ఈ ఒక్క పేపర్‌తో తేల్చేయడం నాకిష్టం లేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్న్‌అవుట్‌ని తన జాబితాలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చేది అని రాసింది. పరిస్థితి పనిలో ఉంటే మందు కూడా అక్కడే వేయాలి. ఇది కనుక్కోవడానికి బీటెక్ కూడా అక్కర్లేదు.

మరి పనిలో ఎరుక, పనిలో కరుణ అంటే ఎలా ఉంటాయి? ధ్యానం మాటే లేని ఒక ఉదాహరణ చెబుతాను.

టీమ్ మెంబర్ 1

గిట్‌ల్యాబ్ అంటే కోడ్ దాచుకునే చోటు. లక్షల మంది వాడతారు. 2017 జనవరి 31 రాత్రి అక్కడ స్పామర్ల వల్ల డేటాబేస్ మీద లోడ్ పెరిగింది. మెయిన్ సర్వర్ నుంచి రెండో సర్వర్‌కి డేటా కాపీ అవడం ఆగిపోయింది. ఒక ఇంజినీర్ దాన్ని సరిచేస్తూ కూర్చున్నాడు. అక్కడి టైమ్ ప్రకారం రాత్రి పదకొండు. లేటయింది, ఇక సైన్ ఆఫ్ చేద్దామనుకుంటుండగా ఈ సమస్య వచ్చి పడింది, అందుకని ఉండిపోయాడు. ఇది నా ఊహ కాదు, వాళ్ల లాగ్‌లోనే ఉంది.

రెండో సర్వర్‌లో ఉన్న డేటా ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదటి నుంచి కాపీ చేద్దామని డిలీట్ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లకి గుండె జారిపోయి ఉంటుంది. తను ఉన్నది రెండో సర్వర్‌లో కాదు, మెయిన్ సర్వర్‌లో! కమాండ్ ఆపాడు. అప్పటికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

సరే, బ్యాకప్ ఉంటుంది కదా అనుకుంటాం. ఐదు రకాల ఏర్పాట్లున్నాయి, ఏ ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని వాళ్లే రాసుకున్నారు. రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణకి గురవుతున్నాయి. డబ్బా ఖాళీగా ఉన్న సంగతి ఎవరికీ తెలీదు. కాపాడింది ఏమిటంటే, ఆరు గంటల ముందు అదే ఇంజినీర్ వేరే పని కోసం చేత్తో తీసిపెట్టిన ఒక స్నాప్‌షాట్. దాంతో తిరిగి నిలబెట్టారు. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్ల లెక్క.

ఇక్కడి నుంచి కథ నాకు చాలా ఇష్టం. వాళ్లు దాచలేదు. ఏం జరుగుతోందో గూగుల్ డాక్‌లో రాస్తూ దాన్ని అందరికీ తెరిచిపెట్టారు. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు! వేల మంది ఫోల్డర్ కాపీ అయ్యే శాతం చూస్తూ కూర్చున్నారు, వన్డేలో లాస్ట్ ఓవర్ చూసినట్టు. తిట్టినవాళ్లు ఉన్నారు, కానీ ట్విట్టర్‌లో 'హగ్‌ఆప్స్' అని హ్యాష్‌ట్యాగ్ పెట్టి ధైర్యం చెప్పినవాళ్లు కూడా బోలెడుమంది. సర్వర్లు చూసుకునేవాళ్లకి వేరే కంపెనీవాళ్లు పంపే కౌగిలింత అది.

తర్వాత వచ్చిన రిపోర్టులో ఆ ఇంజినీర్ 'టీమ్ మెంబర్ 1'. అంతే. రిపోర్టంతా ప్రశ్నలు. ఒక ఎందుకుకి జవాబు రాస్తే, దాని మీద ఇంకో ఎందుకు. చివరికి తేలింది ఏమిటంటే, బ్యాకప్‌ని పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు, అందుకే ఎవరూ పరీక్షించలేదు. చేయాల్సిన పనుల లిస్టులో ఒకటి చూస్తే నవ్వొస్తుంది, తర్వాత గౌరవం కలుగుతుంది: ఏ సర్వర్‌లో ఉన్నామో చూడగానే తెలిసేలా టెర్మినల్ ప్రాంప్ట్ మార్చాలి. రాత్రి పదకొండింటికి అలసిపోయిన కళ్లకి తేడా కనపడాలి కదా! అలసిపోకు, జాగ్రత్తగా ఉండు, ఫోకస్ పెంచుకో అని ఆ మనిషికి క్లాస్ పీకలేదు. మనుషులు అలసిపోతారని ఒప్పుకుని స్క్రీన్ మార్చారు.

నా దృష్టిలో ఆఫీసులో కరుణ అంటే అదే. ఇంగ్లిష్‌లో దీన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. ఎట్సీలో పనిచేసిన జాన్ ఆల్‌స్పా 2012లో దీని గురించి రాసిన వ్యాసం మా ఫీల్డ్‌లో చాలామందికి తెలుసు. విమానాల ప్రమాదాలు, ఆసుపత్రుల్లో పొరపాట్లు పరిశోధించేవాళ్ల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఆ క్షణంలో ఆ మనిషికి అది సరైన పనే అనిపించింది. ఎందుకు అనిపించింది? అది కనుక్కో. అమెజాన్ సంగతి చూడండి. గిట్‌ల్యాబ్ ఘటన జరిగి నెల తిరగకుండానే, 2017 ఫిబ్రవరి 28న, వాళ్ల ఎస్3 స్టోరేజ్ కుప్పకూలి సగం ఇంటర్నెట్ ఆగినంత పనైంది. ఒక కమాండ్‌లో తప్పు విలువ పడింది. వాళ్ల వివరణలోనూ మనిషి పేరు లేదు. ఒకేసారి అన్ని సర్వర్లు తీసేయనివ్వకుండా టూల్ మార్చామని ఉంది.

మా దగ్గర ఒక ఆర్‌సీఏ

ఇప్పుడు మన వైపు వద్దాం. నేను ఇంతకుముందు పనిచేసిన చోట జరిగింది. మా టీమ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. మొదటి ఉద్యోగం, చేరి ఏడు నెలలు. ఆ వారం సీనియర్ ఒకరు పెళ్లి సెలవులో ఉన్నారని వరసగా రెండో రాత్రి కూడా ఆన్‌కాల్ వీడికే వేశారు. మూడింటికి అలర్ట్ వచ్చింది. రన్‌బుక్‌లో ఉన్న స్క్రిప్ట్ వీడు రన్ చేశాడు. ఆ రన్‌బుక్ పాతది. స్క్రిప్ట్ ఒక కాన్ఫిగరేషన్ టేబుల్ మొత్తాన్ని మార్చేసింది. 25 నిమిషాల పాటు క్లయింట్ పేమెంట్లు ఆగిపోయాయి. వాడే కనిపెట్టి, వాడే అందరినీ లేపి, వాడే వెనక్కి తిప్పాడు.

పొద్దున ఆర్‌సీఏ డాక్యుమెంట్ మొదలైంది. ఆ టెంప్లేట్‌లో 'బాధ్యులు' అని ఒక గడి ఉంటుంది. అందులో వాడి పేరు, ఎంప్లాయీ ఐడీ అప్పటికే నింపేసి ఉన్నాయి. మిగతా గడులన్నీ ఖాళీ.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఆ పేరు తీసేద్దాం."

"చూడమ్మా, క్లయింట్‌కి ఏదో ఒక పేరు చూపించాలి. లేకపోతే మనం సీరియస్‌గా తీసుకోలేదనుకుంటారు."

"పేరు తీసుకుని వాళ్లేం చేసుకుంటారు సార్? రేపు ఇదే స్క్రిప్ట్ ఇంకొకరు రన్ చేస్తే ఇదే జరుగుతుంది. ఏడు నెలల వాడికి ప్రొడక్షన్ యాక్సెస్ ఎందుకుంది, రన్‌బుక్ ఎవరూ ఎందుకు చూడలేదు, రెండో రాత్రి కూడా వాడే ఎందుకున్నాడు... ఇవి రాద్దాం."

"ఇవన్నీ రాస్తే నా పేరే వస్తుంది కదా అమ్మా" అన్నారాయన, కొంచెం నవ్వుతూనే.

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. 'నాలాగే' అని మనసులో అనుకోవడం అక్కడ బాగా పనిచేసింది. ఆయన పైన ఇంకొకరు, వాళ్ల పైన ఇంకొకరు, అందరి చేతిలోనూ అదే గడి. ఎవరి పేరు రాయాలా అని పెన్ను పట్టుకుని చూస్తున్నారు. చివరికి సార్ పేరూ వద్దు, వాడి పేరూ వద్దు, 'ఆన్‌కాల్ ఇంజినీర్' అని రాద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. స్క్రిప్ట్‌కి ముందు ట్రయల్ రన్, రెండో మనిషి అప్రూవల్ తప్పనిసరి చేయాలని రాశాం. క్లయింట్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఓకే అన్నాడు! పేరు కావాలని వాళ్లు అడిగారో, అడుగుతారని మనమే అనుకున్నామో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం కుర్రాడు మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "అక్కా, నన్ను తీసేస్తారా? ఎడ్యుకేషన్ లోన్ ఈ నెల నుంచే కట్టాలి అక్కా" అన్నాడు. రాత్రంతా పడుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటికెళ్లి పడుకోమన్నాను. వెళ్లి పడుకున్నాడు. ఆ రోజు బుధవారం. సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి వాడికి ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది: మీరు ఈ వారం మైండ్‌ఫుల్‌నెస్ సెషన్‌కి హాజరు కాలేదు, కారణం తెలపగలరు.

అప్రైజల్‌లో వాడికి తక్కువ రేటింగే వచ్చింది. క్లయింట్ డాక్యుమెంట్‌లో లేని పేరు లోపలి ఎక్సెల్ షీట్‌లో అలాగే ఉండిపోయిందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇంకో ఆరు నెలలకి వాడు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఒక మాట అన్నాడు: "ఈసారి ఏమన్నా అయితే ముందు ఎవరికీ చెప్పను అక్కా. ఫిక్స్ చేసేసి చూస్తా."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏమీ బదులు తోచలేదు. ఎందుకంటే వాడికి మేం నేర్పింది అదే. హార్వర్డ్‌లో ఏమీ ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసర్ ఉంది. 1990లలో ఆసుపత్రి నర్సింగ్ టీమ్‌ల మీద పరిశోధన చేసింది. బాగా పనిచేసే టీమ్‌లలో మందులిచ్చే తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కలు తలకిందులుగా వచ్చాయి. మంచి టీమ్‌లలోనే తప్పులు ఎక్కువ కనపడ్డాయి! తవ్వి చూస్తే అర్థమైంది. వాళ్లు చెప్పుకోగలుగుతున్నారు. మిగతా చోట్ల దాచుకుంటున్నారు. 'సైకలాజికల్ సేఫ్టీ' అని ఇప్పుడు ప్రతి హెచ్‌ఆర్ స్లైడ్‌లోనూ కనిపించే మాటకి ప్రచారం తెచ్చింది ఆవిడ 1999లో రాసిన పేపరే. స్లైడ్‌లో చాలా అందంగా ఉంటుంది. పరీక్ష మాత్రం మూడింటికి, ఏడు నెలల కుర్రాడు ఫోన్ ఎత్తి 'అక్కా, ఏదో తప్పు జరిగింది' అంటాడా లేదా అన్నదే. మా వాడు ఆ రాత్రి అన్నాడు. పేమెంట్లు 25 నిమిషాల్లో తిరిగి వచ్చింది అందుకే. ఇప్పుడు వాడున్న కంపెనీకి ఆ ఫోన్ రాకపోవచ్చు.

ఇదంతా పెద్దవాళ్లు చేయాల్సినవి, మన చేతిలో ఏముంది అంటారా? కొన్ని ఉన్నాయి. కోడ్ రివ్యూ తీసుకోండి. 'ఇదేంటి ఇలా రాశావ్?' అని రాసేకంటే 'ఇక్కడ నల్ వస్తే ఏమవుతుంది?' అని రాస్తే ఖర్చేం లేదు. మొదటిది మనిషి గురించి, రెండోది కోడ్ గురించి. రాత్రి పదికి గుర్తొచ్చిన మెసేజ్‌ని పొద్దున తొమ్మిదింటికి వెళ్లేలా షెడ్యూల్ చేయొచ్చు. ఆ బటన్ టీమ్స్‌లోనూ స్లాక్‌లోనూ ఉంది. దయచేసి ఒట్టి 'హాయ్' పంపి ఊరుకోకండి. అవతలి మనిషి చేస్తున్న పని ఆపి 'హాయ్' అని, మీరు టైప్ చేస్తున్న మూడు చుక్కలు చూస్తూ కూర్చుంటారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో రాసిన పేపర్ ఉంది. మీ 'హాయ్' ఖరీదు అదీ. ఇక స్టాండప్‌లో 'నిన్న ఏం చేశావ్' అనే ముందు 'రాత్రి ఎవరైనా లేచారా?' అని అడగొచ్చు. చిన్న ప్రశ్నే. మా టీమ్‌లో మొదటిసారి అడిగినప్పుడు ఇద్దరు చెయ్యెత్తారు. అప్పటివరకూ వాళ్లు లేచారని ఎవరికీ తెలీదు.

ధ్యానం కావాలనుకుంటే చేయండి. పొద్దున పది నిమిషాలు నేనూ కూర్చుంటాను, మెట్రోలో సీటు దొరికితే అక్కడ కూడా. హైదరాబాద్‌లోనే విపశ్యన కేంద్రం ఉంది, పది రోజులు ఫోన్ లాగేసుకుని మౌనంగా కూర్చోబెడతారు, ఫీజు లేదు. పది రోజుల సెలవు శాంక్షన్ చేయించుకోవడమే అసలు తపస్సు. నేను చెప్పేదల్లా అది మీ ఇష్టమై ఉండాలి, మీ టైమ్‌లో ఉండాలి, రోస్టర్‌లో ఉన్న రంధ్రానికి అతుకు కాకూడదు.

రోస్టర్ విషయానికి కొన్ని దేశాల్లో చట్టమే వచ్చింది. పని వేళల తర్వాత ఆఫీసు ఫోన్‌కి దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లోనే ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు. ప్రైవేటు మెంబర్ బిల్లులు చట్టాలవడం ఎంత అరుదో తెలిసిందే. ఈలోగా 2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 అన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా పగటికి పనిచేసేవాళ్లకి పని వేళలు ఏవి, తర్వాత ఏవి అన్నదే ఇంకా తేలలేదు.

ఇప్పుడున్న టీమ్‌లో మేం ఒక చిన్న రూల్ పెట్టుకున్నాం. రాత్రి పన్నెండు దాటాక పేజర్ మోగితే, లేచినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం వరకూ రానక్కర్లేదు. సారీ చెప్పక్కర్లేదు, లీవ్ పెట్టక్కర్లేదు. ఛానెల్‌లో చందమామ ఎమోజీ ఒకటి పెడితే చాలు, మిగతావాళ్లు వాళ్ల టికెట్లు చూసుకుంటారు. మొదటి రెండు నెలలు ఎవరూ వాడలేదు, మొహమాటం. మూడో నెలలో మా టెక్ లీడ్ ఆయనే మొదటి చందమామ పెట్టాడు, ఆ తర్వాత అందరూ పెట్టారు. కంపెనీ పాలసీలో ఇది ఎక్కడా లేదు. వచ్చే నెల కొత్త మేనేజర్ వస్తున్నారు. ఆయనకి చెప్పాల్సిన విషయాల లిస్టులో ఇది మొదట రాసుకున్నాను. ఒప్పుకుంటారో లేదో చూడాలి.